ఇంటి నుంచి రాసేవారికి కదలని గంటలు

విశాఖ మద్దిలపాలెం నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు బోధించి, ఈ మధ్యనే ఉద్యోగం మానేసి, ఇంటి నుంచే అనువాదాలు, వ్యాసాలు చేయడం మొదలుపెట్టారు. పొద్దున్న లేచింది మొదలు పనిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది గాని, సాయంత్రం లెక్క చూసుకుంటే రెండు పేజీలు కూడా తేలడం లేదు. అందుకని బాబు నిద్రపోయాక రాత్రి రెండు గంటల వరకు కూర్చుంటున్నారు. రోజుకు ఎన్ని గంటలు రాయాలి, ఏ వేళల్లో రాయాలి, ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి ఎలా చెప్పాలి అన్నవి మీరు అడిగిన మూడు విషయాలు. నేను పెదవాల్తేరులో ఉంటూ పదహారేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి, నాకు అనుభవంలో నిలబడిన సంగతులే చెబుతాను.

గంటల విషయంలో చాలామంది ఆఫీసు లెక్కను ఇంటికి తెచ్చుకుంటారు. ఎనిమిది గంటలు కూర్చుంటే ఎనిమిది గంటల రాత వస్తుందనుకోవడం మనల్ని మొదటి ఏడాదే కుంగదీస్తుంది. కొత్త వాక్యాన్ని పుట్టించే పని, అంటే సొంత వ్యాసమైనా, ఇంగ్లీషు పాఠాన్ని మొదటిసారి తెలుగు చేయడమైనా, రోజుకు మూడున్నర, నాలుగు గంటలకు మించి నేను ఏనాడూ నిలకడగా చేయలేకపోయాను. నాతోపాటు ఈ పని చేసేవారిలో కూడా అంతకు మించి నెలల తరబడి చేయగలిగినవారిని చూడలేదు. మిగిలిన పని గంటలన్నీ ఆ మూడున్నర గంటలను కాపాడడానికి ఉన్నవే. దిద్దుబాటు, ప్రూఫులు, ఉత్తరప్రత్యుత్తరాలు, బిల్లులు, చదువుకోవడం, పదాల కోసం నిఘంటువులు తిరగేయడం, ఇవన్నీ పనే గాని ఇవి వేరే రకం పని. వీటిని కొత్త రాతతో కలిపి ఒకే ముద్దగా చూసినంతకాలం, రోజంతా కూర్చున్నా ఏమీ చేయలేదన్న బాధ మిమ్మల్ని వదలదు.

నా రోజు ఇలా ఉంటుంది. ఉదయం ఐదు నుంచి ఆరున్నర వరకు కొత్త రాత. ఆరున్నరకు మా వీధిలో కొళాయి నీళ్ళు వస్తాయి, అక్కడి నుంచి తొమ్మిది వరకు వంట, క్యారేజీలు, ఇల్లు. తొమ్మిదింపావు నుంచి పదకొండున్నర వరకు మళ్ళీ కొత్త రాత. ఆ తరువాత ఒక గంట, నిన్న రాసినదాన్ని బయటికి చదువుకుంటూ దిద్దడం. భోజనం చేశాక కాసేపు నడుం వాల్చి, రెండున్నర నుంచి నాలుగున్నర వరకు ఉత్తరాలు, ఫోన్లు, రేపటి పాఠానికి కావలసిన చదువు. అంతే. సాయంత్రం ఇంటిది, పిల్లలది. విదేశాలలో ఉన్నవారి పని చేతిలో ఉన్నప్పుడు మాత్రం వారానికి ఒకటి రెండు సాయంత్రాలు మాట్లాడడానికి కూర్చుంటాను.

ఈ పట్టికను మీరు యథాతథంగా తీసుకోనక్కరలేదు. తీసుకోవలసినది ఒక్కటే ఉంది. ఇందులో కొత్త రాతకు కేటాయించిన రెండు భాగాలు ఏ రోజు అవసరానికీ కదలవు, తక్కినవన్నీ అవసరాన్ని బట్టి కదులుతాయి. బంధువుల ఇంట్లో శుభకార్యం వస్తే దిద్దుబాటు సాయంత్రానికి పోతుంది, బ్యాంకు పని పడితే ఉత్తరాలు రాత్రికి పోతాయి, కాని తొమ్మిదింపావు తొమ్మిదింపావే. మన విశాఖలోనే రావిశాస్త్రి గారు న్యాయవాద వృత్తిలో ఉంటూ, కాళీపట్నం రామారావు గారు బడిలో ఉపాధ్యాయులుగా పనిచేస్తూ కథలు రాశారు. కోర్టు వేళలు, బడి గంట వారి రోజుకు బయటి నుంచి ఒక గట్టు కట్టి పెట్టాయి, మిగిలిన సమయం ఎంతో వారికి ముందే తెలుసు. ఉద్యోగం మానేసినవారికి ఆ గట్టు ఉండదు కాబట్టి మనమే కట్టుకోవాలి. మీకు తొమ్మిదేళ్ళు కళాశాల గంట కొట్టింది, ఇప్పుడది ఆగిపోయింది. మీ అలజడికి సగం కారణం అదేనని నాకు అనిపిస్తోంది.

ఏ వేళల్లో అన్నదానికి మన ఊరి వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే, జూన్ నెలల్లో ఐదున్నర దాటకముందే తెల్లగా తెల్లవారిపోతుంది, పది గంటలకల్లా ఉక్కపోత మొదలవుతుంది, మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చున్నా ముంజేయి కాగితానికి అంటుకుంటుంది. సముద్రం పక్కన ఉండడం వల్ల గాలిలోని తేమ ఒంటిని పిండేస్తుంది, ఆ తేమలో చేసిన రాత నాది ఏనాడూ నిలవలేదు. డిసెంబరులో ఇదే తారుమారై, ఆరు దాటితే తప్ప వెలుగు రాదు, చలి వల్ల ఐదింటికి లేవడం కష్టమవుతుంది గాని, మధ్యాహ్నం మూడింటికి కూడా బుర్ర చురుకుగా ఉంటుంది. అందుకని వేసవిలో వేకువ భాగాన్ని అరగంట ముందుకు జరిపి, చలికాలంలో అరగంట వెనక్కి తెస్తాను. ఏడాదికి రెండుసార్లు మాత్రమే ఈ మార్పు. రోజూ మార్చుకునే వేళను వేళ అనలేము.

మీరు రాత్రి రెండు వరకు కూర్చోవడం మాత్రం వెంటనే మానేయమని గట్టిగా చెబుతున్నాను. దీనికి నా కారణం ఆరోగ్యం ఒక్కటే కాదు. నా రెండో ఏడాదిలో పిల్లల మందుల గురించిన ఒక కరపత్రం అనువాదానికి వచ్చింది. పగలంతా వేరే పనులతో గడిచిపోయి, రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి ఒంటిగంటన్నరకు ముగించి పంపేశాను. రెండు రోజుల తరువాత ప్రూఫు చూసిన వైద్యురాలు ఫోన్ చేశారు. ఫలానా వయసులోపు పిల్లలకు ఆ మందు 'ఇవ్వకూడదు' అని ఉండవలసినచోట నేను 'ఇవ్వవచ్చు' అని టైపు చేశాను. అచ్చుకు వెళ్ళకముందే పట్టుబడింది కాబట్టి ఎవరికీ కీడు జరగలేదు. ఆమె కోప్పడలేదు, ఆ వాక్యాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించారంతే. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిది దాటాక కొత్త రాత చేయను, రాత్రి ముగించినదాన్ని రాత్రే పంపను.

అలసటను పట్టుకోవడానికి నాకొక గుర్తు ఉంది, మీరు తెలుగు చెప్పినవారు కాబట్టి మీకు ఇట్టే తెలిసిపోతుంది. ఒళ్ళు అలసినప్పుడు మన వాక్యం ఇంగ్లీషు వాక్యం వెంట నడవడం మొదలుపెడుతుంది. 'ఈ మాత్ర భోజనం తరువాత తీసుకోబడవలెను' అని నా రాత్రి ప్రతిలో ఉండేది. ఉదయం అదే వాక్యం 'ఈ మాత్రను అన్నం తిన్నాక వేసుకోవాలి' అని దానంతట అదే వస్తుంది. అర్థంలో తేడా లేదు, కాని మొదటిది ఏ తల్లీ తన బిడ్డకు చెప్పే మాట కాదు. పేజీలో 'బడు' రెండోసారి కనిపించిందంటే నా బుర్ర ఇక తెలుగులో ఆలోచించడం లేదని అర్థం, అక్కడితో ఆపి లేస్తాను. నలభై నిమిషాలకే ఆ గుర్తు కనిపించిన రోజులూ ఉన్నాయి. అలాంటి రోజున మిగిలిన సమయాన్ని ప్రూఫులకు వాడుకుంటే పని నష్టం కాదు.

ఇక ఇంట్లోవాళ్ళ సంగతి. 'ఇంట్లోనే ఉన్నావుగా' అన్న మాట మీరు ఇప్పటికే వందసార్లు విని ఉంటారు. గ్యాసు బండ వస్తే తీసుకోవడం, కొరియరుకు సంతకం పెట్టడం, పక్కింటివారి తాళంచెవి అట్టిపెట్టడం, చుట్టాలకు కాఫీ, వీటిలో ఏదీ పెద్ద పని కాదు. పది నిమిషాల పనికి లేస్తే పది నిమిషాలే పోతాయని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు, అది వాళ్ళ తప్పు కాదు. సగంలో వదిలిన వాక్యం దగ్గరికి తిరిగి చేరడానికి ఇంకో ఇరవై నిమిషాలు పడుతుందని రాయనివారికి ఎలా తెలుస్తుంది?

నేను మొదట్లో వాదించాను, అలిగాను, ఏదీ పనిచేయలేదు. పనిచేసినది వేళలు కదపకపోవడమే. రోజూ ఒకే సమయానికి అదే కుర్చీలో కూర్చుని, పదకొండున్నరకు ఠంచనుగా బయటికి వచ్చి, ఆ తరువాత ఎవరు ఏ పని చెప్పినా విసుక్కోకుండా చేస్తూ వచ్చాను. ఆరు నెలలు పట్టింది. ఒకరోజు విజయనగరం నుంచి మా ఆడపడుచు అత్తగారు వచ్చి నన్ను అడిగితే, మా అత్తయ్య 'కోడలు ఆఫీసులో ఉంది వదినా, పదకొండున్నరకి వస్తుంది, మనం ఈలోగా కాఫీ తాగుదాం' అన్నారు. నేను పక్కగదిలోనే ఉన్నాను, గోడకి అవతల. ఆ మాట విని కళ్ళు చెమర్చాయి. మన వేళను మనమే రోజుకో రకంగా మార్చుకుంటే వాళ్ళు దేన్ని గౌరవించాలి? పదకొండున్నరకు వస్తానన్న మనిషి నిజంగా పదకొండున్నరకు వస్తుందని నమ్మకం కుదిరిన తరువాతే, అంతవరకు ఆగడం వాళ్ళకు సులువైంది. కాబట్టి రాతకు కేటాయించిన గడి ముగిసినప్పుడు లేవడం, మొదలైనప్పుడు కూర్చోవడం ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం. ఇంకో పేరా ఉందని పన్నెండు దాకా లాగితే, మర్నాడు పది గంటలకే తలుపు తడతారు.

బాబు గురించి అడిగారు. పసివాళ్ళకు గడియారం తెలియదు, గుర్తు తెలుస్తుంది. మా పెద్దమ్మాయికి ఐదేళ్ళప్పుడు గది తలుపు గడియకు ఎర్ర చున్నీ కట్టేదాన్ని, చున్నీ ఉన్నంతసేపు నానమ్మ దగ్గర ఉండాలి, చున్నీ తీయగానే అమ్మ తనదే. అయితే జ్వరం వచ్చిన రోజున ఏ చున్నీ పనిచేయదు, చేయాలని ప్రయత్నించకూడదు కూడా. అలాంటి రోజుల కోసమే గడువులో వెసులుబాటు పెట్టుకోవాలి.

గడువు లెక్క నేను ఇలా వేస్తాను. ఇంగ్లీషు నుంచి తెలుగుకు నా నిలకడైన వేగం రోజుకు 1,500 పదాలు. ఎప్పుడైనా 2,000 దాటితే మర్నాడు దిద్దుబాటుకు రెట్టింపు సమయం పడుతుంది కాబట్టి దాన్ని లాభంగా చూడను. 12,000 పదాల చిన్న పుస్తకం వచ్చిందనుకోండి. మొదటి ప్రతికి ఎనిమిది రోజులు, తరువాత దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టడానికి ఒక రోజు, దిద్దుబాటుకు రెండు రోజులు, జ్వరానికో కరెంటు కోతకో అట్టిపెట్టే రోజు ఒకటి, మొత్తం పన్నెండు పనిదినాలు. ఆదివారాలు కలుపుకుని రెండు వారాలని చెబుతాను. పది రోజుల్లో ఇమ్మని అడిగితే, తగ్గించేది దిద్దుబాటే అవుతుందని మర్యాదగా చెప్పి, అందుకు సిద్ధమేనా అని వాళ్ళనే అడుగుతాను. చాలామంది రెండు వారాలకే ఒప్పుకుంటారు. లెక్క ఎప్పుడూ మూల ఇంగ్లీషు పదాల మీదే వేయండి, ధర కూడా అలాగే మాట్లాడుకోండి. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అంటుకుంటాయి కాబట్టి, నా ఫైళ్ళలో 1,000 ఇంగ్లీషు పదాలు తెలుగులో 700, 800 మధ్యకు దిగుతాయి. తెలుగు పదాల మీద లెక్క కడితే మీ రోజులో పావువంతు కూలి లేకుండా పోతుంది.

కరెంటు కోత రోజు అన్నాను గదా. 2014 అక్టోబరు 12న, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదనే తీరం దాటింది. అప్పటికి నా చేతిలో పాఠశాల పిల్లల కోసం ఒక ప్రచురణకర్త ఇచ్చిన విజ్ఞానశాస్త్ర పుస్తకం ఉంది, ఆ శుక్రవారానికి ఇవ్వాలి. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, మా వీధిలో చెట్లు వేళ్ళతో సహా పడి దారి మూసేశాయి. నాకు అప్పుడు అక్కరకు వచ్చినది ఒక చిన్న అలవాటు. ప్రతి సాయంత్రం నాలుగున్నరకు లేచేముందు ఆ రోజు చేసినదాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించేదాన్ని. తొమ్మిది అధ్యాయాలలో ఏడు అందులో భద్రంగా ఉన్నాయి. నాలుగోరోజున మా మేనమామ కొడుకు రాజమండ్రి వెళ్తుంటే అది ఇచ్చి పంపాను, అతను అక్కడి నుంచి వాటిని పంపించాడు. మిగిలిన రెండు అధ్యాయాలు వరండాలో పగటి వెలుగులో రూళ్ళ పుస్తకంలో చేతితో రాశాను. ఇప్పుడు ఫైళ్ళు అంతర్జాలంలోనే దాచుకోవచ్చు, నిజమే, కాని రోజు ముగింపు పనిగా ఒక ప్రతిని ఇంట్లో వేరేచోట పెట్టడం నేను మానలేదు. గడువుకు ఒక పూర్తి రోజు ముందే ముగించాలన్న నియమం కూడా ఆ వారం పుట్టినదే.

మధ్యాహ్నపు పనుల గురించి క్లుప్తంగా చెబుతాను. కొందరు ప్రచురణకర్తలు ఇంకా పాత ఫాంటులలో ఫైలు అడుగుతారు. యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని వాటిలోకి మార్చినప్పుడు వత్తులు, క్రావడులు చెదిరిపోతాయి, ప్రతి పుటనూ మళ్ళీ చూడక తప్పదు. దానికి పట్టే గంటలను ముందే లెక్కలో చేర్చండి. బిల్లులు, చెల్లింపుల గుర్తుచేతలు రోజూ పెట్టుకోకుండా శనివారం మధ్యాహ్నం ఒక్కసారే చూసుకోండి. టీడీఎస్ కింద, అంటే మీకు చెల్లించేటప్పుడే పన్నుగా పట్టుకున్న సొమ్ము మీ పాన్ ఖాతాలో జమ చూపిస్తోందో లేదో మూడు నెలలకొకసారైనా సరిచూడండి. ఏడాది ముగియకముందే విడతలుగా కట్టే ముందస్తు పన్ను కట్టవలసిన స్థాయికి ఆదాయం పెరిగినప్పుడు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలను గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

అమెరికాలోని తెలుగువారి సంస్థలకు పని చేస్తే ఒక జాగ్రత్త అవసరం. మన గడియారం ఏడాదంతా ఒకటే, వాళ్ళది మారుతుంది. న్యూయార్కులో ఉదయం తొమ్మిది అంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఈ మార్పు జరుగుతుంది. వాళ్ళ వేళకు మీ ఉదయపు గడులను మాత్రం ఇవ్వకండి. రాత్రి పదకొండింటికి మాట్లాడి వేకువ ఐదింటికి రాయగలనని అనుకున్న ప్రతిసారీ నేను ఆ రెండోదాన్నే పోగొట్టుకున్నాను.

ఈమధ్య యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దిపెట్టమని వచ్చే పని ఎక్కువైంది. ధర తక్కువ, పని తేలిక అని దాన్ని మధ్యాహ్నానికి నెట్టేవారున్నారు. నా అభిప్రాయం వేరు. యంత్రం రాసిన వాక్యం పైకి నున్నగా ఉంటుంది, తప్పు లోపల దాక్కుంటుంది, అలసిన కన్ను ఆ నునుపు మీద జారిపోతుంది. నేను దాన్ని తొమ్మిదింపావు గడిలోనే చేస్తాను, ఉదయపు గంటకు తగిన ధర రాకపోతే ఒప్పుకోను.

కుర్చీ గురించి ఒక్క మాట: భోజనాల బల్ల దగ్గరి కుర్చీలో నాలుగేళ్ళు రాసి నడుము నొప్పి తెచ్చుకున్నాను, మొదటి నాలుగు బిల్లుల సొమ్ములో కొంత మంచి కుర్చీకి పెట్టండి. గంటకొకసారి లేచి కిటికీలోంచి దూరంగా చూడండి. ఒంటరితనం మూడో నెలలో వస్తుంది. నేను వారానికొక మధ్యాహ్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్తాను. చదువుతున్న మనుషుల మధ్య కూర్చోవడమే నాకు చాలు.

మీ విషయానికి వస్తే, బాబు ఎనిమిదిన్నరకు బడికి వెళ్తాడని రాశారు. అయితే తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు ఉన్న రెండున్నర గంటలే మీ కదలని గంటలు. వేకువ గడి ఇప్పుడే పెట్టుకోవద్దు, రాత్రి జాగరణ తాలూకు అలసట ముందు తీరాలి. ఒక నోటుపుస్తకంలో రోజూ మూడు అంకెలు మాత్రం రాయండి: కూర్చున్న సమయం, లేచిన సమయం, కొత్తగా పూర్తయిన పదాలు. ఆ రెండున్నర గంటల్లో ఫోన్ వేరే గదిలో ఉండాలి, బడివారి ఫోన్ మోగితే మీ అత్తగారు పిలిచేటట్టు చెప్పి ఉంచండి. మొదటి వారం అంకెలు నిరాశపరుస్తాయి, రెండో వారంలో రెండు మూడు రోజులు బాగుంటాయి. ఇరవై ఒక్క రోజులు గడిచాక అందులోని పదాల సగటు తీసి, దాన్ని మీ నిజమైన వేగంగా తీసుకుని, చేతిలో ఉన్న పనికి గడువు మళ్ళీ లెక్క వేసి క్లయింటుకు రాయండి. రెండో క్లయింటు పని ఆ లెక్క కుదిరిన తరువాతే ఒప్పుకోండి.